గట్టు దాటిందా

మన్సూరాలో పొద్దున ఏడింటికి
నైలు మీది మంచు విడవకముందే
మా యంత్రానికి ఆకలేస్తుంది.
మొదటి పేరు పిలిచాను:
మెత్వల్లి అబ్దెల్‌మౌగూద్, అరవై నాలుగేళ్లు,
నీటిపారుదల శాఖలో కాలువ కూలీ, రిటైర్డ్.

గలాబియా విప్పి ఆస్పత్రి చొక్కా తొడుక్కోమంటే
సిగ్గుపడి గోడ వైపు తిరిగాడు.
మోకాళ్ల దాకా ఒక రంగు, ఆ పైన ఇంకో రంగు.
నలభై ఏళ్లు నీళ్లు గీసిన గీత,
దాన్ని చూడ్డానికి ఏ స్కానూ అక్కర్లేదు.

"చిన్నప్పుడు ఎర్రగా పోసేవాడివా?"
ఫారంలో లేని ప్రశ్న, నా ప్రశ్న.
"పోయనివాడెవడమ్మా మా ఊళ్లో?
ఎర్రగా పడితే మగాడివయ్యావనేవాళ్లు.
నాకు ఆలస్యమైంది. ఏడ్చాను కూడా."

సూది గుచ్చి చెప్పాను:
మందు ఎక్కగానే ఒళ్లంతా వెచ్చబడుతుంది,
బల్ల తడిపేశానేమో అనిపిస్తుంది,
తడవదు, కంగారుపడకు.
"ఆర్నెల్లుగా అనిపించడం ఏంటి, తడుస్తూనే ఉంది" అన్నాడు.

యంత్రం గొంతు పుస్తకాల అరబ్బీ మాట్లాడుతుంది,
రేడియోలో వార్తలు చదివేవాడిలా.
దాని నోరు మూసి నేనే మైకు పట్టాను,
మా డెల్టా యాసలో:
పీల్చు.
పట్టు.
పట్టాడు. బల్ల లోపలికి జారింది, బయటికొచ్చింది.
వదులు, అన్నాను.
వదల్లేదు.
నాన్నా, అయిపోయింది, వదులు.
పంపు నోట్లో గుర్రపుడెక్క చిక్కుకుంటే
నీటి అడుగుకు దిగి పీకిన ఊపిరి అది.
మా పన్నెండు సెకన్లు దానికి ఏ మూలకి?

తెర మీద మూత్రాశయం
సున్నం పట్టిన గుండ్రటి గీత, కోడిగుడ్డు పెంకు.
పిల్లవాడి కాళ్లలోంచి ఎక్కిన పురుగులు
ఎప్పుడో పెట్టి పోయిన గుడ్లు
ఒక్కొక్కటీ తన సమాధి తానే కట్టుకుని
గోడలో గోడైపోయాయి.
కుడి పక్కన ఆ పెంకు తెగింది.
తెగిన చోట మాంసం.

మళ్లీ పది నిమిషాలు ఆగాలి,
కిడ్నీల్లోంచి మందు దిగాలి.
ఎడమ కాలువ తెల్లగా, సన్నగా, చివరిదాకా పారింది.
కుడిది రాలేదు.
లాకు మూసిన కాలువలా ఎగువంతా ఉబ్బి నిలబడింది.

బల్ల దిగుతూ అడిగాడు: "ఎంతదాకా వచ్చింది?"
డాక్టరమ్మ చెబుతుంది, అన్నాను. మాకు చెప్పే హక్కు లేదు.
"టీ మూడో, ఎన్ సున్నానో అంటారట, అల్లుడు చెప్పాడు.
అవి నాకెందుకు? గట్టు దాటిందా, లేదా?
గట్టు లోపలుంటే ఒక మనిషి, ఒక పార చాలు.
దాటితే ఊరంతా కావాలి."

లోపల సుహైర్ డాక్టరమ్మ ఆ ముక్క దగ్గరే ఆగిపోయింది.
గోడ బయటి కొవ్వు శుభ్రంగా నల్లగా ఉండాలి.
అక్కడ బూడిద పోగులు.
మూడు వారాల కిందట గోకి ముక్క తీశారు,
ఆ పుండు వాపు కావచ్చు.
జబ్బే కావచ్చు.
రెండింటిదీ ఒకటే బూడిద.
"గోకకముందే తీసుంటే..." అని ఆగింది.
స్కాన్‌కి మా దగ్గర వరస నెల రోజులు, ఆమెకూ తెలుసు.

ఊపిరితిత్తులు బాగున్నాయి. కాలేయం బాగుంది.
కటి లోపల ఒక గ్రంథి, ఏడు మిల్లీమీటర్లు.
ఎనిమిదైతే అనుమానించమంటుంది పుస్తకం.
ఏడులో ఏమీ ఉండదని మాత్రం
ఏ పుస్తకమూ రాసివ్వలేదు.

'దాటింది' అని కొట్టింది.
చెరిపింది.
'దాటి ఉండవచ్చు' అని కొట్టింది.
కత్తి పెట్టి చూసేదాకా
మా నల్లని తెల్లని పాండిత్యమంతా
ఆ 'వచ్చు' మీద కూర్చుంది.

నేను వరండాలోకి నీళ్ల సీసా తీసుకెళ్లాను.
మందు కడుక్కుపోవాలి, సాయంత్రంలోగా రెండు లీటర్లు తాగు.
ప్లాస్టిక్ చెప్పుల్లో రెండు రంగుల కాళ్లు ఊపుతూ
సీసాని వెలుతురుకు ఎత్తి చూశాడు.
"మళ్లీ నీళ్లేనా?" అన్నాడు.
తాగాడు.
మూత నా చేతిలో పెట్టాడు.

నేను రెండో పేరు పిలిచాను.